సైట్ ఎందుకు తెరుచుకోదు? ఫోరం సర్వర్ నడిపిన అనుభవం
(అల్ నహ్దాలో జరిగిన వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సర్వర్ గురించి చెప్పే పని కమిటీ మా మీద పెట్టింది. సర్వర్ చూసుకునే ముగ్గురిలో ఇద్దరం సూపర్‌వైజర్లం, ఒకరు స్టోర్‌లో పనిచేస్తారు. మా చదువు సివిల్ డిప్లొమా, ఐటీఐ. కంప్యూటర్ ఇంజనీర్లం కాము. అందుకని మాకు వచ్చిన భాషలోనే చెప్తాం. హాయిస్ట్, కాంక్రీట్, గేట్ పాస్, ఈ మాటలే వస్తాయి. ఇంకో చిక్కుంది. మాకు సైట్ అంటే రెండు అర్థాలు. అందుకే ఈ ఒక్క గంటా బిల్డింగ్ కట్టే చోటుని ‘పని’ అంటాం, ఫోన్‌లో తెరిచేదాన్ని ‘సైట్’ అంటాం.

ఫోన్‌లో చక్రం తిరుగుతూనే ఉండి, ఎంతకీ పేజీ రాని అనుభవం లేనివాళ్ళు ఈ హాల్లో ఎవరూ ఉండరు. 2020 గుర్తుంది కదా. ఆ ఏడాది ఏప్రిల్ 29 రాత్రి అబుదాబిలోని మన రాయబార కార్యాలయం, దుబాయ్‌లోని కాన్సులేట్ కలిసి, ఇంటికి పోదలిచినవాళ్ళ కోసం ఆన్‌లైన్ నమోదు మొదలుపెట్టాయి. తెరిచిన కొద్దిసేపటికే రద్దీ ఎక్కువై సాంకేతిక ఇబ్బంది వచ్చిందని రాయబార కార్యాలయమే ప్రకటించింది. నాలుగు రోజులు తిరగకముందే నమోదైనవాళ్ళు లక్షన్నర దాటారు. వాళ్ళలో సుమారు 40 శాతం కార్మికులేనని అప్పటి వార్తలు. మే 7న మొదటి రెండు విమానాలు బయల్దేరాయి, ఒకటి అబుదాబి నుంచి కొచ్చికి, ఇంకోటి దుబాయ్ నుంచి కోజికోడ్‌కు.

ఆ ఫారం వివరాలు సేకరించడానికి మాత్రమే అని అధికారులు చెప్పారు. ముందు నింపినవాడికి ముందు సీటు అనే లెక్క లేదు. కానీ క్యాంపులో ఆ మాట ఎవరి చెవికి ఎక్కింది? పదిమంది ఉన్న గదిలో నలుగురి ఫోన్లు, నాలుగింటిలోనూ అదే పేజీ. రాకపోతే మళ్ళీ నొక్కు, మళ్ళీ నొక్కు. ఒక్క మనిషి ఇరవై మనుషులంత రద్దీ చేస్తాడు. సర్వర్ మీద పడే బరువులో సగం అవసరం వల్ల పడితే, మిగతా సగం భయం వల్ల పడుతుందని మా నమ్మకం. దీని సంగతి తర్వాత మళ్ళీ చెప్తాం, ఎందుకంటే మా సర్వర్‌లో కూడా చివరికి ఎక్కువ పనిచేసింది ఇదే.

ఇక మన సంగతి. 2024 సెప్టెంబర్ 1న ఇక్కడి ప్రభుత్వం క్షమాభిక్ష మొదలుపెట్టింది. వీసా గడువు దాటిపోయినవాళ్ళు, మనం ఖల్లివెల్లి అని పిలుచుకునేవాళ్ళు, జరిమానా లేకుండా ఇంటికి పోవచ్చు, తిరిగి రావడానికి నిషేధం కూడా ఉండదు, లేదా కొత్త పని చూసుకుని ఇక్కడే చట్టబద్ధంగా ఉండొచ్చు. ముందు అక్టోబర్ 31 వరకన్నారు, తర్వాత డిసెంబర్ 31 వరకు పొడిగించారు. దరఖాస్తులు సర్కారువి, ఆమెర్ సెంటర్లు, అల్ అవీర్ కేంద్రం, ఇవన్నీ వేరే. ఫోరం చేసింది చిన్న పని. పాస్‌పోర్ట్ లేనివాళ్ళు ఎందరు, ఎమర్జెన్సీ సర్టిఫికెట్ కావలసింది ఎవరికి, టికెట్ డబ్బు లేనిది ఎవరికి, ఇవి ఒక ఫారంలో తీసుకుని, ఒక్కొక్కరికి ఒక వాలంటీర్‌ను జతచేయడం. ఈ ఫారం కోసం సైట్ రాసిపెట్టిన తమ్ముడు వేరే దేశంలో ఉద్యోగం దొరికి వెళ్ళిపోయాడు. సర్వర్ మా చేతికొచ్చింది.

సర్వర్ అంటే ఏదో పెద్ద గది కాదు. నెల అద్దెకు తీసుకున్న ఒక మెషీన్, నాలుగు జీబీ మెమరీ. దాని మీద టామ్‌క్యాట్ అనే ప్రోగ్రామ్. జావాలో రాసిన సైట్లను నడిపేది ఇదే, దీన్నే వెబ్ అప్లికేషన్ సర్వర్ అంటారు. సన్ కంపెనీలో పుట్టి, 1999లో అపాచీ ఫౌండేషన్‌కు చేరింది. పైసా ఖర్చు లేదు. దాని వెనక పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్, అంటే మన రిజిస్టర్లు.

పనిలో గేటు దగ్గర టైమ్ కీపర్, లోపల గ్యాంగులు, వెనక స్టోర్ ఉంటాయి కదా, ఇదీ అంతే. ఫోన్ నుంచి వచ్చిన ప్రతి అడుగూ గేటు దగ్గరికొస్తుంది. టామ్‌క్యాట్ తన మనుషుల్లో ఒకణ్ణి దానికి అప్పగిస్తుంది. ఆ మనిషినే థ్రెడ్ అంటారు. ఏమీ మార్చకపోతే టామ్‌క్యాట్ దగ్గర అలాంటివాళ్ళు 200 మంది ఉంటారు. ఆ థ్రెడ్ స్టోర్‌కి పోయి రిజిస్టర్ చూసి, జవాబు తెచ్చిచ్చి, అప్పుడు ఖాళీ అవుతాడు. స్టోర్ కిటికీలు మాత్రం 200 ఉండవు. మన సైట్‌లో డేటాబేస్ కనెక్షన్లు 10. ఆ సాఫ్ట్‌వేర్ తనంతట తాను పెట్టుకునే లెక్క అది.

సెప్టెంబర్ మొదటి వారంలో ఎవరో ఒక వాయిస్ మెసేజ్ పెట్టారు, ఫోరం లింక్ తెరవండి, పేరు రాయండి అని. జగిత్యాల గ్రూపు నుంచి కడప గ్రూపుకి, అక్కణ్ణుంచి శ్రీకాకుళం గ్రూపుకి పోయింది. రాత్రి వంటలయ్యాక అందరూ ఒక్కసారే తెరిచారు. సైట్ నిలబడిపోయింది. ఆగిపోతే నయం, ఆగలేదు కూడా. చక్రం తిరుగుతూనే ఉంది.

మొదట అందరికీ తోచేదేమిటి? మనుషుల్ని పెంచు. 200 థ్రెడ్లను 800 చెయ్యి. తెలిసినవాళ్ళు ఫోన్‌లో ఇదే చెప్పారు. మేము మార్చలేదు, ఎందుకంటే ఇలాంటిది పనిలో రోజూ చూస్తాం. హాయిస్ట్ ఒక్కసారికి 12 మందిని తీసుకుపోతుంది, పైకి పోయి కిందికి రావడానికి 4 నిమిషాలు, అంటే నిమిషానికి ముగ్గురు. గేటు దగ్గర ఇంకో నాలుగు పంచింగ్ మెషీన్లు పెడితే హాయిస్ట్ కింద గుంపు పెరుగుతుంది తప్ప ఇరవయ్యో అంతస్తుకి ఒక్క మనిషి కూడా అదనంగా చేరడు. ఇక్కడే, మన నహ్దాలోనే చూడండి. షార్జా నహ్దా నుంచి పొద్దున దుబాయ్ వైపు పోయేవాళ్ళకి, సహారా సెంటర్ పక్కన ఇంకో రోడ్డు వేసినా, ముందు ఇత్తిహాద్ రోడ్డు కదలకపోతే ఏం లాభం?

దీనికి ఒక లెక్క ఉంది. 1961లో జాన్ లిటిల్ అనే అమెరికా ఆచార్యుడు దాన్ని రుజువు చేశాడు. లోపల ఉండే మనుషుల సంఖ్య అంటే, సెకనుకు వచ్చేవాళ్ళు ఎందరో, ఒక్కొక్కరు లోపల ఉండే సెకన్లు ఎన్నో, ఆ రెంటి గుణకారం. సెకనుకు 20 మంది వస్తూ ఒక్కొక్కరి పని అర సెకనులో తేలితే లోపల ఉండేది 10 మంది. అదే 20 మంది వస్తూ, ఒక్కొక్కరికి 8 సెకన్లు పడితే లోపల 160 మంది ఇరుక్కుంటారు. వచ్చేవాళ్ళు పెరగలేదు, పని నెమ్మదించింది అంతే. మెస్‌లో అన్నం వడ్డించే క్యూకి కూడా ఇదే లెక్క.

కాబట్టి ఎక్కడ నెమ్మదిస్తోందో పట్టుకోవాలి. దానికి లాగ్ ఉంది. లాగ్ అంటే సర్వర్ రాసుకునే డైరీ, మనం రోజూ రాసే డైలీ రిపోర్ట్ లాంటిదే. ఎవరొచ్చారు, ఏ పేజీ అడిగారు, ఎన్ని మిల్లీ సెకన్లు పట్టింది, అన్నీ ఉంటాయి. ఆ చివరిది మామూలుగా రాయదు, రాయమని చెప్పాలి. ఇంకో మాట, మన సర్వర్ గడియారం ఇక్కడిది కాదు, ఇండియాది కాదు. లాగ్‌లో 16 గంటలంటే ఇక్కడ రాత్రి 8, ఊళ్ళో తొమ్మిదిన్నర. ఇది పట్టించుకోకపోతే ఎవరు ఎప్పుడు ఇబ్బంది పడ్డారో తెలియదు. సరిచేసి చూస్తే రద్దీ రెండు పూటలే ఉంది. ఒకటి రాత్రి 8 తర్వాత. రెండోది మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు దాకా. ఎందుకో మీకు చెప్పక్కర్లేదు, జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు ఎండలో పని ఆపే వేళ అది. నీడలో కూర్చుని అందరూ ఫోన్ తీశారు.

లాగ్‌లో రెండు పేజీలు దొరికాయి. ఒకటి, పాస్‌పోర్ట్ నంబర్ కొట్టగానే ఈ మనిషి ముందే నమోదయ్యాడా అని వెతికే పేజీ. రిజిస్టర్‌కి ఇండెక్స్ లేదు. అంటే ప్రతిసారీ మొదటి పేరు నుంచి చివరి పేరు దాకా చదవాలి. రిజిస్టర్ పెరిగేకొద్దీ ఆలస్యమూ పెరుగుతుంది. ఒక్కో వెతుకులాటకు రెండు సెకన్లనుకోండి, కిటికీలు పది, సెకనుకు తేలేది ఐదుగురు. వెనక ఎన్ని వందల థ్రెడ్లు నిలబడినా అంతే. పాస్‌పోర్ట్ నంబర్ మీద ఇండెక్స్ పెట్టడం ఒక్క లైన్ పని. ఆ రెండు సెకన్లు కళ్ళు మూసి తెరిచేంత కూడా లేకుండా పోయాయి. సర్వర్ పెద్దది కొనాలని ఎవరైనా అంటే ముందు ఇది చూశారా అని అడగండి. మా లెక్కలో, డబ్బు ఖర్చు పెట్టాల్సిన చోటు ఎప్పుడూ చివరిది.

రెండోది పాస్‌పోర్ట్ ఫొటో పంపే పేజీ. ఇప్పటి ఫోన్‌లో ఒక ఫొటో నాలుగైదు ఎంబీ. క్యాంపు వైఫై సంగతి తెలిసిందే, గదికి పదిమంది, అందులో ఇద్దరు సినిమా చూస్తుంటారు. ఒక ఫొటో పోవడానికి నిమిషం పడుతుంది. ఆ నిమిషమంతా ఒక థ్రెడ్ చేతులు చాపి నిలబడే ఉంటాడు, ట్రక్కు నుంచి ఒక్కొక్క ఇటుక అందుకునే మనిషిలాగా. దీనికి రెండు పనులు చేశాం. ఫొటోని ఫోన్‌లోనే చిన్నది చేసి పంపేలా పేజీ మార్చాం. పేరు, ముఖం, నంబర్ కనబడితే చాలు కదా, మూడు వందల కేబీలో అది వచ్చేస్తుంది. తర్వాత టామ్‌క్యాట్ ముందు ఎన్‌జిన్‌ఎక్స్ అనే ఇంకో ప్రోగ్రామ్‌ను కాపలాకు పెట్టాం. ఇగోర్ సిసోయెవ్ అనే రష్యా ఆయన రాసి 2004లో అందరికీ ఇచ్చాడు. ఒకేసారి పదివేల కనెక్షన్లను తట్టుకోవాలని రాసిందే అది. నెమ్మదిగా వచ్చే ఫొటోను అది తన దగ్గర మొత్తం పోగుచేసుకుని, పూర్తయ్యాకే లోపలికి అందిస్తుంది. ఇటుకలన్నీ గేటు బయట దించి, ఒక్కసారి ట్రాలీలో లోపలికి తోసినట్టు. ఏమీ చెప్పకపోతే అది ఒక ఎంబీ దాటిన ఫైల్‌ను తిప్పి పంపేస్తుంది, ఆ హద్దుని కొంచెం పెంచుకోవాలి.

మెమరీ సంగతి త్వరగా చెప్పేస్తాం. మనమేమీ చెప్పకపోతే జావా మెషీన్ మెమరీలో నాలుగో వంతు దాకానే వాడుకుంటుంది, మన నాలుగు జీబీలో ఒక జీబీ. అది చాలకపోతే చెత్త ఎత్తడానికి మాటిమాటికి పని ఆపుతుంది. మరీ ఎక్కువ ఇస్తే పక్కనున్న డేటాబేస్‌కు చోటుండదు, చివరికి లైనక్స్ తానే పెద్దగా ఉన్నవాణ్ణి చూసి బయటికి తోసేస్తుంది. మేము రెండు జీబీ దగ్గర ఆపాం. థ్రెడ్లను పెంచకపోగా 60కి తగ్గించాం. డేటాబేస్ కనెక్షన్లు పదే ఉంచాం.

తగ్గిస్తే జనం బయటే ఉండిపోతారు కదా అని కమిటీలో అడిగారు. సరైన ప్రశ్న. మా జవాబు ఇదీ. బయట ఆపడం తప్పు కాదు, ఆపి చెప్పకపోవడం తప్పు. కనెక్షన్ కోసం 30 సెకన్లు నిలబెట్టడం ఆ సాఫ్ట్‌వేర్ మామూలు అలవాటు. దాన్ని 5 సెకన్లు చేశాం. ఐదు సెకన్లలో దొరక్కపోతే చక్రం తిప్పకుండా తెలుగులో ఒక పేజీ వస్తుంది: ఇప్పుడు రద్దీగా ఉంది, మీరు నింపింది మీ ఫోన్‌లోనే భద్రంగా ఉంది, పది నిమిషాల తర్వాత పంపండి అని. రాత్రి పన్నెండు గంటల దాకా మేలుకుని, పొద్దున నాలుగున్నరకు బస్సెక్కే మనిషికి ఈ మాట విలువ తెలుసు. లేదు అని చెప్పినవాడి మీద కోపం రాదు, ఉండు ఉండు అని నిలబెట్టినవాడి మీదే వస్తుంది.

ఇంకో చిన్న సంగతి మీ అందరికీ పనికొచ్చేది. మీరు రిఫ్రెష్ నొక్కినప్పుడు పాత అడుగు రద్దు అవుతుందనుకుంటాం. చాలాసార్లు కాదు. మీరు వెళ్ళిపోయారని లోపలివాడికి తెలియదు, అతను రిజిస్టర్ వెతుకుతూనే ఉంటాడు. మీరు కొత్తగా నొక్కిందానికి ఇంకొకడు బయల్దేరతాడు. పదిసార్లు నొక్కితే మీ క్యూలో మీ ముందు మీరే పదిమంది. అలాగే పంపు అన్న బటన్ రెండుసార్లు నొక్కితే రెండు పేర్లు పడేవి. ఇప్పుడు ఒక పాస్‌పోర్ట్ నంబర్‌కు ఒకే వరస ఉండేలా రిజిస్టర్‌కే చెప్పాం, ఎన్నిసార్లు నొక్కినా ఒక్కటే పడుతుంది. పాస్‌పోర్ట్ నంబర్ గుర్తులేనివాళ్ళకి ఫోన్ నంబర్ లెక్క.

ఇక భయం సంగతి చెప్తామన్నాం. ఫారం పైన, పేరు రాసే గడి కంటే ముందు, మూడు వాక్యాలు పెద్ద అక్షరాల్లో పెట్టాం. ముందు వచ్చినవారికి ముందు అనేది లేదు. పేరు నమోదైతే నంబర్ వస్తుంది, ఆ తర్వాత మళ్ళీ సైట్‌కు రావద్దు, మేమే ఫోన్ చేస్తాం. దీనికి ఎవరికీ ఒక్క దిర్హమ్ ఇవ్వొద్దు. చదవలేనివాళ్ళ కోసం అదే మాటను వాయిస్‌గా కూడా పెట్టాం. ఆ మరునాటి లాగ్ చూస్తే నమోదులు తగ్గలేదు, ఒకే మనిషి మళ్ళీ మళ్ళీ రావడం తగ్గింది. ఫారం నింపి పెడతాం, డబ్బివ్వండి అని క్యాంపుల చుట్టూ తిరిగినవాళ్ళకి కూడా పని తగ్గింది. సర్వర్‌లో మార్చిన అంకెలన్నీ ఒకెత్తు, ఈ మూడు వాక్యాలు ఒకెత్తు.

అక్టోబర్ చివరి వారానికి ముందే సర్వర్‌ను పరీక్షించాం. స్లాబ్ వేసే ముందు క్యూబులు పోసి, 7 రోజులకు, 28 రోజులకు పగలగొట్టి చూస్తాం కదా, బిల్డింగ్ మీదే బరువు పెట్టి చూడం కదా. జేమీటర్ అని ఒక ప్రోగ్రామ్ ఉంది, అదీ ఉచితమే. రెండు వందల మంది ఉత్తుత్తి మనుషుల్ని తయారుచేసి సర్వర్ మీదకు తోలుతుంది. అసలు సర్వర్ మీద కాకుండా అలాంటిదే ఇంకోటి ఒక్క పూటకు అద్దెకు తీసుకుని, పాస్‌పోర్ట్ నంబర్లన్నీ ఉత్తవే పెట్టి తోలాం. ఒక్కసారికి ఒక్క అంకె మాత్రమే మార్చాలి. రెండు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. సిమెంటూ నీళ్ళూ రెండూ ఒకేసారి మార్చి స్లంప్ ఎందుకు మారిందని అడిగితే ఎవరు చెప్తారు?

వేగం గురించి ఇంత చెప్పాం కానీ మాకు రాత్రి నిద్ర పట్టనిచ్చేదీ, పట్టనివ్వనిదీ వేగం కాదు. ఆ మెషీన్‌లో ఉన్నది వందలమంది పాస్‌పోర్టుల ఫొటోలు, వీసా లేనివాళ్ళ పేర్లు, వాళ్ళుండే చోట్లు. అది చెడ్డ చేతుల్లో పడితే ఏమవుతుందో ఈ హాల్లో ఉన్నవాళ్ళకి వివరించక్కర్లేదు. కాబట్టి లాగ్‌లో పాస్‌పోర్ట్ నంబర్ చివరి మూడు అంకెలే పడేలా చేశాం. టామ్‌క్యాట్‌తో పాటు వచ్చే మేనేజర్ పేజీ, నమూనా పేజీలు తీసేశాం. టామ్‌క్యాట్‌కు మెషీన్ మొత్తం తాళాలు ఇవ్వకుండా విడిగా ఒక చిన్న ఖాతా ఇచ్చాం. అప్‌డేట్లు వచ్చిన వారంలోనే వేస్తాం. 2021 డిసెంబర్‌లో లాగ్‌ఫోర్‌జే అనే చిన్న ముక్కలో లోపం బయటపడి, జావా సర్వర్లున్న ప్రతి దేశంలోనూ జనం పరుగులు పెట్టారు. లాగ్ రాసే ముక్క అది, అంటే డైరీ రాసే గుమాస్తా నుంచే దొంగకు దారి దొరికింది. మనిషి ఇంటికి చేరాక, లేదా కొత్త వీసా పడ్డాక, అతని ఫొటో తుడిచేస్తాం. బ్యాకప్‌కు తాళం వేసి వేరేచోట పెడతాం, నెలకోసారి దాన్ని తెరిచి నిజంగా తిరిగి వస్తోందా అని చూస్తాం. తెరిచి చూడని బ్యాకప్‌ను మేము లెక్కలోకి తీసుకోం.

మనలాంటి వలసవాళ్ళ సర్వర్‌కు ఇంకో బలహీనత ఉంది, అది ఏ పుస్తకంలోనూ ఎక్కువగా కనబడదు. మనుషులు వెళ్ళిపోతారు. ఒకడికి వెకేషన్, ఒకడికి వీసా క్యాన్సిల్, ఒకడికి ఇంట్లో చావు. సైట్ పేరు ఎవరి కార్డు మీద రిజిస్టర్ అయి ఉంటే, అతను దేశం దాటి కార్డు మూసేసిన రోజున పేరు పోతుంది. సైట్‌కు తాళం గుర్తు వేసే సర్టిఫికెట్, ఉచితంగా లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఇచ్చేది, 90 రోజులే పనిచేస్తుంది. తనంతట తాను మారేలా పెట్టొచ్చు, కానీ మారిందా లేదా అని ఒకరు చూడాలి. అందుకే సైట్ పేరును ఫోరం ఖాతాలోకి మార్చాం. పాస్‌వర్డ్‌లు ముగ్గురి దగ్గర ఉంటాయి, ముగ్గురూ ఒకే క్యాంపులో ఉండరు, ముగ్గురూ ఒకే నెలలో ఊరికి పోరు. ఏం ఎక్కడ ఉందో, ఆగిపోతే ఏ వరసలో లేపాలో తెలుగులో పది పేజీల నోట్‌బుక్ రాసిపెట్టాం. కొత్త మనిషి చేత ఆ పుస్తకం చూసి, మేము పక్కన నోరు మూసుకుని కూర్చుని, సర్వర్‌ను ఆపించి మళ్ళీ లేపించాం. ఎక్కడ ఆగిపోయాడో ఆ పేజీ తిరగ రాశాం.

మా ముగ్గురిలో స్టోర్ అన్న వచ్చే ఏడాది పూర్తిగా జగిత్యాల వెళ్ళిపోతున్నారు. ఆయన స్థానంలో ఒకరు కావాలి, ఇద్దరొస్తే ఇంకా మంచిది. ఐటీఐలో కోపా ట్రేడ్ చేసినవాళ్ళు, లేదా ఓపిగ్గా లాగ్ చదవగలిగినవాళ్ళు ఎవరైనా సరే. వారానికి రెండు రాత్రులు, గంటన్నర పని. జీతం లేదు, టీ మేము తాగిస్తాం. సభ అయ్యాక వెనక తలుపు దగ్గర నోట్‌బుక్ పట్టుకుని నిలబడి ఉంటాం.